అడిక్‌మెట్ దారిలో ఆటల శతాబ్ది

జల్‌పల్లి నుండి బయలుదేరి, పహాడీ షరీఫ్ గుట్టను దాటి, బార్కస్, చాంద్రాయణగుట్ట, సైదాబాదు, మలక్‌పేటల మీదుగా మూసీ వంతెన నెక్కి, చాదర్‌ఘాట్, కాచిగూడల ప్రక్కగా అడిక్‌మెట్ చేరు మార్గము సుమారు 20 కిలోమీటర్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు క్రీడాచరిత్ర నెరుగ గోరువారు ట్రోఫీలు పేర్చిన అద్దాల బీరువా ముందు నిలువకమునుపు ఈ మార్గమున నొకసారి సాగిపోవుట యుచితము. ఏలయన ఈ మార్గము తాకిపోవు పేటల బడులలో, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను, ఒకానొక కాలమున పాఠములు చెప్పుచు, బడి విడిచిన పిమ్మట పిల్లలకు బంతి నేర్పిన ఉపాధ్యాయుడొకడు తరువాత భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము దాక నడిపించెను. ఆయన ఉస్మానియా పట్టభద్రుడు, ఉస్మానియా జట్టున ఆడినవాడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో వచ్చిన హిందీ చలనచిత్రము వలన ఆ పేరు దేశమంతట మరల వినబడినది గాని, మా పాతబస్తీలో ఫుట్‌బాల్ తెలిసిన పెద్దలు ఆయనను ఏనాడును మరచినవారు కారు. వారికాయన నేటికిని ‘రహీమ్ సాబ్’.

విశ్వవిద్యాలయముల ఆటలను గూర్చి వ్రాయునపుడు ఎవరెన్నిసార్లు గెలిచిరి, ఎవరిపై గెలిచిరి యను లెక్కలతో ఆరంభించుట వాడుక. ఆ లెక్కలకు విలువ లేదనను. కాని నూరేండ్లు దాటిన ఉస్మానియా చరిత్రను తరచి చూచినకొలది నాకు దృఢపడిన యభిప్రాయ మొక్కటి కలదు: గల్లీలోని ఆటస్థలమునుండి కళాశాల మైదానమునకు దారి తెరచియున్నంత కాలము ఈ విశ్వవిద్యాలయపు జట్లకు ఎదురునిలుచుట ఎవ్వరికిని తేలిక కాలేదు, ఆ దారి ఎచ్చటెచ్చట మూతపడెనో అచ్చటచ్చట దాని స్పర్ధలును నీరసించినవి. జల్‌పల్లిలో నివసించుచు, ఖాళీస్థలములు ఒక్కటొక్కటిగ హద్దురాళ్ళ నడుమ చిక్కుకొనుట కన్నులార చూచుచున్నవాడను గనుక, ఈ మాట నాకు పుస్తకములలో దొరకిన సంగతి మాత్రము కాదు.

విద్యాపీఠములు ఆటలలో పరస్పరము తలపడు ఆచారము మనకు ఇంగ్లండునుండి సంక్రమించినది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు 1827లో లార్డ్స్ మైదానమున తొలిసారి క్రికెట్ ఆడినవి. రెండేండ్లకు వాటి పడవపందెము మొదలైనది. అమెరికాలో హార్వర్డు, యేల్ విద్యార్థులు 1852లో ఒక సరస్సుపై పడవలు నడుపుటతో కళాశాలల పోటీలకు నాంది జరిగినది. అచ్చట ఆ పోటీలు పెరిగి పెరిగి, మహాస్టేడియములతోను, టెలివిజన్ ఒప్పందములతోను కూడిన వ్యాపారమైపోయినవి. మన దేశమున అట్లు కాలేదు. ఇచ్చట విశ్వవిద్యాలయమునకు ఆడిన యువకుడు టిక్కెట్లు అమ్మించినవాడు కాడు. తన జట్టు రంగు చొక్కాను ఇంట గోడకు తగిలించుకొని, దానిని చూపి పోలీసు శాఖలోనో రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగము సంపాదించుకొని, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవాడు. ‘యూనివర్సిటీ ఆడిండు’ అని ఒకని గూర్చి మా వాడలో చెప్పుకొనునపుడు ఆ మాటలో గౌరవముతోపాటు ఒక కుటుంబము నిలద్రొక్కుకొన్న కథ కూడ ఇమిడియుండును.

హైదరాబాదులో ఈ ఆచారమునకు తొలి వేదిక నిజాం కళాశాల. 1887లో, ఫక్రుల్ముల్కు నవాబు భవనమున వెలసిన ఆ కళాశాలకు సరోజినీ నాయుడు తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు తొలి ప్రధానాచార్యుడు. బోధన ఆంగ్లమున, పరీక్షలు మద్రాసు విశ్వవిద్యాలయమునవి. దాని ప్రక్కనే, 1687లో గోల్కొండను పట్టుకొన్న మొగలు సేనలు విడిసినదని చెప్పబడు ఫతే మైదానము విశాలముగ పరచుకొనియుండెను. మూడు దశాబ్దుల పిమ్మట, 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇరువదియైదుగురు అధ్యాపకులతో, 225 మంది విద్యార్థులతో ఆ పరిసరములలోనే, బషీర్‌బాగ్, గన్‌ఫౌండ్రీల చెంత అద్దెయిండ్లలో తరగతులు మొదలుపెట్టినది. దాని బోధనాభాష ఉర్దూ. అడిక్‌మెట్ గుట్టలపై నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాల గులాబిరంగు రాతిభవనము ప్రారంభమైనది 1939లో. అనగా తన తొలి రెండు దశాబ్దులును ఉస్మానియా తన ప్రతిద్వంద్వికి పొరుగున, ఒకే మైదానపు గాలి పీల్చుచు పెరిగినది.

ఈ పొరుగుతనము సామాన్యమైనది కాదు. ఒకవైపు ఆంగ్లమున చదివి మద్రాసు పట్టములు పొందు జాగీర్దారుల, ఉన్నతోద్యోగుల బిడ్డలు. వేరొకవైపు ఉర్దూలో భౌతికశాస్త్రమును, వైద్యశాస్త్రమును కూడ చదువగలమని లోకమునకు నిరూపింప బూనిన కొత్త తరము, వారిలో పాతబస్తీ మధ్యతరగతి వారును, జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో తలదాచుకొన్న వారును పెక్కురు. వీరిద్దరి నడుమ గల అంతరము తరగతి గదులలో మాటలతో తేలునది కాదు. అది తేలుటకు బంతి కావలసివచ్చినది. బంతికి భాష లేదు, పట్టము లేదు, తండ్రి హోదా లేదు. గోలు పడెనా లేదా యన్నదొక్కటే ప్రశ్న. 1947లో నిజాం కళాశాల మద్రాసును విడిచి ఉస్మానియాలో అంతర్భాగమైన పిమ్మట, ఇంతకాలము బయట నిలిచి సవాలు చేసిన ప్రతిద్వంద్వి ఇంటిలోనికే వచ్చి, విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికలోనే ఆ స్పర్ధ కొనసాగినది. ఒక విద్యాసంస్థ తన ఎదుటివానిని తనలో కలుపుకొని బలపడుట చరిత్రలో తరచుగ కనబడు విషయము కాదు. ఉస్మానియా క్రికెట్టు తరువాతి రెండు దశాబ్దులలో పొందిన ప్రతిష్ఠకు ఈ కలయికయే ముఖ్యకారణ మని నేను తలంచెదను.

నిజాం కళాశాల ఆ తొలినాళ్ళలో లోకమున కిచ్చిన క్రీడాకారులలో సయ్యద్ మొహమ్మద్ హాదీని తలచుకొనక ముందునకు పోరాదు. ఇచ్చట చదివి కేంబ్రిడ్జికి పోయి, ఒకటి కాదు రెండు కాదు, ఏడు ఆటలలో నైపుణ్యము చూపి, ఇంద్రధనుస్సు పేరును బిరుదుగా పొందిన ఆ మహాక్రీడాకారుడు 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము తరఫున టెన్నిస్ ఆడెను. డేవిస్ కప్పు ఆడెను. రంజీ ట్రోఫీ పుట్టిన 1934-35 ఋతువున సికింద్రాబాదులో మద్రాసుపై అజేయముగ 132 పరుగులు చేసి ఆ పోటీ చరిత్రలో మొట్టమొదటి శతకమును తన పేర వ్రాసికొనెను. ఎదుట నున్నది మద్రాసు కావుట గమనింపదగినది. హైదరాబాదు, మద్రాసుల క్రికెట్ స్పర్ధ రాష్ట్రజట్ల స్థాయిలో అట్లు శతకముతో మొదలై, విశ్వవిద్యాలయముల స్థాయికి ప్రాకి, అర్ధశతాబ్దము దక్షిణాదిని రంజింపజేసినది.

కాని ఉస్మానియా తన సొంత బిడ్డ యని చెప్పుకొన దగినవాడు రహీమ్. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో పట్టము పుచ్చుకొని, విశ్వవిద్యాలయపు జట్టున పేరుగాంచి, పిమ్మట ఆ విశ్వవిద్యాలయపు పూర్వ, వర్తమాన విద్యార్థులు కలసి ఏర్పరచుకొన్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టున ఆడి, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టిన ఆయన జీవితమున నాకు మిక్కిలి విలువైనదిగ తోచు భాగము ఒలింపిక్ పతాకముల క్రింద నడచినది కాదు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలోను, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలలోను ఆయన వెచ్చించిన సాయంకాలములే ఆ భాగము. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘపు కార్యదర్శిత్వము చేపట్టి, తుదిశ్వాస వరకు దానిని మోసి, బాలురకు ఆయన పెట్టిన పోటీల తీరు వినినచో నేటి శిక్షకులు కూడ ఆశ్చర్యపడుదురు. ఒక పోటీలో బంతిని కాళ్ళ నడుమ ఆడించుచు పరుగెత్తుట నిషేధము. అందిన వెంటనే తోడివానికి పంపవలెను. మరియొక పోటీలో ప్రతివాడును తనకు అలవాటు లేని కాలితోనే తన్నవలెను. వేరొకదానిలో ఒక ఎత్తునకు మించిన పిల్లలకు ప్రవేశము లేదు. పొట్టివారు పొడుగరుల మోచేతుల క్రింద నలిగిపోక, తమ చాతుర్యమును చూపుటకు అది అవకాశము.

ఈ పద్ధతులలోని విజ్ఞతను గురించి కొంత నిలిచి ఆలోచింపవలెను. గల్లీలో ఆడుచు పెరిగిన కుర్రవానికి బంతిపై మోజు మెండు. దానిని విడిచిపెట్టుట వానికి ప్రాణసంకటము. ఇరుకు సందులో నలుగురిని తప్పించుకొనుటయే వాడు నేర్చిన విద్య. అట్టివానిని విశాలమైన మైదానమున నిలిపి, ‘బేటా, నీవు పరుగెత్తుట కంటె బంతి వేగముగ పరుగెత్తును’ అను సత్యమును ఉపన్యాసముతో గాక, ఆట నియమముతోనే వాని శరీరమునకు ఎక్కించుట గొప్ప ఉపాధ్యాయునికే సాధ్యము. రహీమ్ ఇచ్చట బోధనాశాస్త్రమును ఆటకు పట్టించెను. 1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకుడైన నాటినుండి వరుసగ అయిదు సంవత్సరములు, 1954 వరకు, బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టునే వరించినది. కలకత్తాలోని మహాజట్లు చేతులు కట్టుకొని చూడవలసివచ్చినది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము. 1952లో హెల్సింకీలో, మనవారిలో పలువురు బూట్లు లేక ఆడి, యుగోస్లావియా చేత 10-1 తేడాతో ఓడిన దుర్దినము. ఆ గుణపాఠము తరువాత 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4-2 గెలుపుతో సెమీఫైనల్ చేరిక. 1962లో జకార్తాలో, ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేయుచున్న వేళ, దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మరల స్వర్ణము. జకార్తా నాటికే క్యాన్సర్ ఆయనను తినివేయుచుండెను. 1963 జూన్‌లో ఆయన కన్నుమూసెను. అంతటి స్థాయిలో భారత ఫుట్‌బాల్ తరువాత ఏనాడును నిలువలేదు.

ఉస్మానియా జట్టునకు ఈ ఆటగాండ్ర ధార వలన కలిగిన లాభమును, నష్టమును రెండును చెప్పవలెను. కలకత్తా వైస్ ఛాన్సలరు సర్ అశుతోష్ ముఖర్జీ పేర నడచు విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీలో మనవారు కలకత్తా విద్యార్థులను ఎదుర్కొనిరి. కాని ఆ కలకత్తా క్లబ్బులే మన నగరపు మేటి యువకులను కళాశాల చదువు ముగియక మునుపే, అసలు మొదలు కాకమునుపే ఎగరవేసికొనిపోయినవి. తులసీదాస్ బలరామ్, సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటి వారు హుగ్లీ తీరమున కీర్తి గడించిరి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము తెచ్చిన జట్టునకు నాయకుడు మన నయీమ్. విశ్వవిద్యాలయమునకు రావలసిన కాళ్ళు వంగదేశమునకు పోయినవని వగచినవారు నాడే కలరు. వారి వగపు అర్థము కాకపోలేదు గాని, పేదయింటి బాలునికి ముందు అన్నము, తరువాతనే పట్టము.

క్రికెట్టున కథ వేరు తీరున నడచినది. బొంబాయికి చెందిన ఆర్దేషిర్ బారియా గతించిన తన కుమారుడు రోహింటన్ పేర ఇచ్చిన ట్రోఫీకై భారత విశ్వవిద్యాలయములు 1935-36 నుండి పోటీపడుచున్నవి. తొలి మూడేండ్లు పంజాబు, పిదప చిరకాలము బొంబాయి ఆ ట్రోఫీని ఏలినవి. దక్షిణమున ఉస్మానియాకు ఎదురు నిలిచినవి మద్రాసు, మైసూరు విశ్వవిద్యాలయములు. మద్రాసు అనగా గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి వచ్చిన వెంకటరాఘవన్; మైసూరు అనగా అచ్చట ఇంజనీరింగు చదివిన ప్రసన్న. ఒకరిని మించి మరియొకరు బంతిని తిప్పువారు. అట్టివారి చేతిలో ఓడినను అవమానము కాదు. గెలిచినచో అది సంవత్సరమంతయు చెప్పుకొనదగిన సంగతి. హాదీ నాడు రేకెత్తించిన మద్రాసు స్పర్ధ ఇచ్చట నిండుగ పక్వమైనది. మద్రాసువారి ఆట శాస్త్రబద్ధము, మితవ్యయము. హైదరాబాదీల ఆట మణికట్టు సొగసు, కొంత తీరిక, కొంత దర్జా. హైదరాబాదు బ్యాట్స్‌మన్ జయసింహ నిలువెత్తి పట్టిన కాలరును అనుకరింపని కళాశాల కుర్రవాడు ఆ రోజులలో నగరమున లేడు.

1960ల నడుమ ఉస్మానియా జట్టునకు ఎడమచేతి బౌలరొకడు లభించెను: ముంతాజ్ హుస్సేన్. ఒకే చేతి కదలికతో ఒక బంతి లోనికి, మరియొక బంతి బయటకు మరలుచుండ, ఏది యెటు పోవునో బ్యాటు పట్టినవానికే గాక వికెట్ల వెనుక నిలిచినవానికి కూడ అంతుబట్టెడిది కాదు. 1966-67 ఋతువున రోహింటన్ బారియా ట్రోఫీ ఉస్మానియాకు దక్కుటలో ఆతని వ్రేళ్ళ మర్మము ప్రధానపాత్ర వహించినది. బొంబాయి విశ్వవిద్యాలయపు యువకుడు సునీల్ గవాస్కర్ ఆ చేతిని ఎదుర్కొన్నవారిలో ఒకడు. ఇట్టి ప్రతిభకు తరువాత ఏమైనది? పెద్ద క్రికెట్టున నిలువవలెనన్నచో సంప్రదాయరీతిని బంతి వేయవలెనను సలహాలకు లోబడి ఆతడు తన మర్మమును విడిచి, పదుగురు వేయునట్లే వేయ నారంభించెను. హైదరాబాదు తరఫున రంజీ ఆడెను, చక్కగనే ఆడెను. కాని లోకము చూడవలసిన ఆ వింత లోకమునకు దక్కలేదు. దశాబ్దుల పిమ్మట అట్టి ‘మిస్టరీ’ బౌలర్లను వేలములలో కోట్లు పోసి కొనుచున్న కాలమున ఆతనిని తలచుకొనినపుడు నా మనస్సు భారమగును. విశ్వవిద్యాలయ క్రికెట్టు మాత్రము ఆతనిని ఆతని తీరుననే ఆడనిచ్చినది. ఆ గౌరవము దానికి చెందవలెను.

అదే 1966-67 ఋతువునుండి విశ్వవిద్యాలయ మండలముల నడుమ ‘విజ్జీ ట్రోఫీ’ కూడ మొదలైనది. 1936లో భారతజట్టునకు నాయకత్వము వహించి, 1965లో మరణించిన విజయనగర రాజకుమారుని పేర వెలసిన ఆ ట్రోఫీ తెలుగునాటి పేరును దేశమందలి విద్యార్థి క్రికెట్టునకు శాశ్వతముగ ముడిపెట్టినది. తరువాతి తరమున నిజాం కళాశాలనుండి వచ్చిన మొహమ్మద్ అజహరుద్దీన్ 1984-85లో ఇంగ్లండుపై తన తొలి మూడు టెస్టులలోను మూడు శతకములు చేసి మణికట్టు సంప్రదాయమును లోకమునకు చాటెను. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు చదువుచు విశ్వవిద్యాలయమునకు రోహింటన్ బారియా ఆడిన హర్షా భోగ్లే బ్యాటుతో గాక గొంతుతో జగద్విఖ్యాతు డయ్యెను. ఆటను తెలిసికొన్నవాడే ఆటను చెప్పగలడనుటకు ఆయన వ్యాఖ్యానము సాక్ష్యము.

ఈ వైభవమునకు వెనుక నిలిచిన ఒక ఆర్థికసత్యమును క్రీడారచయితలు సామాన్యముగ చెప్పక విడుతురు. స్టేట్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంకు, దక్షిణమధ్య రైల్వే, సిటీ పోలీసు: ఇవన్నియు తమ తమ జట్లను పోషించినవి, విశ్వవిద్యాలయపు జట్టులో రెండేండ్లు మెరసిన యువకునికి వీటిలో ఏదో యొకటి తలుపు తెరచెడిది. కనుకనే తండ్రులు కొడుకును మైదానమునకు పోనిచ్చిరి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో మాతృసంస్థలో లీనమైనది; ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. లెక్కల పుస్తకములలో ఆ విలీనముల లాభనష్టములు ఎట్లున్నను, నగరపు లీగు పోటీలలో రెండు పేర్లు మాయమైనవి. ఆ పేర్లతోపాటు కొన్ని ఇండ్లలోని ఆశలు కూడ.

విశ్వవిద్యాలయపు స్వరూపమును కాలము మార్చినది. 1969 తెలంగాణ ఉద్యమమున తరగతులతోపాటు ఆటల ఋతువును చెదరినది. ప్రాంగణము రాజకీయచైతన్యమునకు కేంద్రమైనది. దశాబ్దుల తరువాత, 2009 మొదలు రాష్ట్రసాధన వరకు, మరల అదే జరిగినది. నాటి విద్యార్థులు త్యజించిన వానిలో ఆటలు అత్యల్పము. వారి త్యాగములను ఇచ్చట తూకము వేయుట నా యుద్దేశము కాదు. విశ్వవిద్యాలయపు పరిధి కూడ కుదించుకొనిపోయినది. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము, తరువాత నిజామాబాదు, నల్లగొండ, పాలమూరులలో కొత్త విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇంజనీరింగు కళాశాలలు పెక్కు జె.ఎన్.టి.యు. వైపు పోయినవి. ఒకప్పుడు తెలంగాణము నలుమూలలనుండి ఏరుకొన్న ఉస్మానియాకు ఆ జిల్లాల యువకులే నేడు దక్షిణమండల పోటీలలో ప్రత్యర్థులు. ఇది విచారింపవలసిన విషయము కానేకాదు. వరంగల్లు వారు అడిక్‌మెట్‌కు వచ్చి గెలిచిపోవుట, పాత కుటుంబమునుండి వేరుపడిన తమ్ముడు తన పొలమున మేలిపంట పండించినట్టిది.

బాలికల విషయమున మాత్రము నిన్నటి కంటె నేడు మిక్కిలి మేలు. 1924లో మొదలైన కోఠీ మహిళాకళాశాల తరతరములుగ బాలికలకు చదువుతోపాటు ఆటకును తావిచ్చినది. అది 2022లో తానే విశ్వవిద్యాలయమైనది. ఉస్మానియా పరిధిలోని ఏ.వి. కళాశాల 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ పోటీ గెలిచిన పుల్లెల గోపీచందుకు పట్ట మిచ్చి, నిజామాబాదునుండి వచ్చి 2022, 2023 సంవత్సరములలో ప్రపంచ బాక్సింగు విజేతగ నిలిచిన నిఖత్ జరీన్‌కు కూడ స్థానమిచ్చినది. సెయింట్ ఆన్స్ మహిళాకళాశాల విద్యార్థిని పి.వి. సింధు బ్యాడ్మింటన్‌లో రియో ఒలింపిక్ క్రీడలలో రజతము, టోక్యోలో కాంస్యము తెచ్చినది. నిఖత్ వంటి యువతి బాక్సింగు చేతొడుగులు ధరించి ప్రపంచమును గెలిచిన పిమ్మట, మా జల్‌పల్లి, షాహీన్‌నగర్ గల్లీలలో బిడ్డను ఆటకు పంపుటకు సంకోచించు తల్లికి చెప్పదగిన సమాధానము మనకు దొరికినది.

దేశమందలి విశ్వవిద్యాలయములలో ఆటలందు సర్వోత్తమమైన దానికి 1956-57 నుండి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీ ఇచ్చుచున్నారు. చండీగఢములోని పంజాబు విశ్వవిద్యాలయము, అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయము దానిని మాటిమాటికి చేజిక్కించుకొన్నవి. కారణము మనకు తెలియనిది కాదు: వారు క్రీడాకారునికి వసతి, భోజనము, శిక్షకుని, మైదానమును ఒకేచోట సమకూర్చిరి. మనకు ఉస్మానియాలో విశాలమైన నేల కలదు. 2002 జాతీయక్రీడల కొరకు కట్టిన సైకిల్ పందెముల వెలోడ్రోము కలదు. శారీరకవిద్యా కళాశాల కలదు. ఏటేట అంతర్‌కళాశాల పోటీలు జరుగుచునే యున్నవి. వాటిలో మెరసినవారిని ఎంపిక శిబిరములకు పిలిచి, దక్షిణమండలమునకు, అచ్చట నెగ్గిన జట్లను అఖిలభారత పోటీలకు పంపు క్రమము నిలిచియున్నది. ఆ క్రమమునకు దిగువనుండి పిల్లలను అందించు ఏర్పాటే సన్నగిల్లినది. ఇంటర్మీడియెట్ చదువు అపార్టుమెంటు అంతస్తులలోనికి ఎక్కిన నాటినుండి పదునాఱు, పదునేడేండ్ల వయస్సున పిల్లవాని చేతి బంతిని లాగివేయుచున్నాము; ఆ రెండేండ్లు గడచిన తరువాత డిగ్రీ కళాశాలవారు ‘ఆడెదవా?’ యని యడిగిన ప్రయోజనమేమి? దేహము మరచిపోయిన విద్యను పందొమ్మిదవ యేట మొదలుపెట్టించుట రహీమ్ సాబ్ తరమా?

జల్‌పల్లి 2016లో పురపాలకసంఘముగ ఏర్పడినది. అంతకుమునుపు పంచాయతీ; చెరువు, బండలు, కంచెలు, నడుమ నడుమ బయలు. నగరము దక్షిణముగ విమానాశ్రయము వైపు పెరుగుటతో ఆ బయలు వెలగల నేలయైనది. పొరుగున బార్కస్‌లో, నిజాము సేనలో కొలువు చేసిన అరబ్బుల వంశీయులు తమ ఫుట్‌బాల్ మైదానమును, తాలీముఖానాలను ప్రాణప్రదముగ కాపాడుకొనుచున్నారు. పొద్దు వాలునప్పటికి అచ్చట బంతి ధ్వని వినబడని దినము లేదు. మా వైపు పిల్లలు మాత్రము కొత్తగ కట్టు ఇండ్ల నడుమ ఇసుకకుప్పల ప్రక్క ఆడుదురు. నెల తిరుగకమునుపే ఆ స్థలమున పునాది లేచును. వారు మరియొక స్థలము వెదకుకొందురు. ‘ఏ కాలేజీల చేర్తవు బేటా?’ యని ఒక కుర్రవాని నడుగగా, ‘గ్రౌండున్న కాలేజీ ఏదుంది సార్?’ యని వాడు తిరిగి నన్నే అడిగెను. చురుకైన కాళ్ళు వానివి. ఇరుకు సందున నలుగురిని తప్పించుకొనిపోవు నేర్పు రహీమ్ సాబ్ ఎరిగిన బాలురకు ఎంత యుండెనో వీనికిని అంతయే కలదు.

2024 డిసెంబరులో తెలంగాణ శాసనసభ శారీరకవిద్యకు, క్రీడలకు ప్రత్యేకముగ ఒక విశ్వవిద్యాలయమును నెలకొల్పు బిల్లును ఆమోదించినది. సంతోషము. అది నగరపు పడమటి గచ్చిబౌలి వైపు ఎదుగుచుండగా దక్షిణమున చేయదగిన పనులు కొన్ని కలవు, వాటికి కోట్లు అక్కరలేదు. ఉస్మానియా అంతర్‌కళాశాల ఫుట్‌బాల్, కబడ్డీ మ్యాచిలలో కొన్నింటినైన ఏటేట బార్కస్ మైదానమున జరుపవచ్చును. విశ్వవిద్యాలయమునకు ఆడుట యనగా ఏమో పదేండ్ల బాలుడు ఇంటి ముంగిటనే చూచును. శారీరకవిద్యా కళాశాల విద్యార్థులు తమ బోధనాభ్యాసమునకు తార్నాక బడులతోపాటు చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, జల్‌పల్లి ప్రభుత్వపాఠశాలలకును రావచ్చును. అలవాటు లేని కాలితో ఆడు పోటీని, డ్రిబ్లింగు లేని పోటీని వారు మరల పెట్టవచ్చును. ఆ నియమములకు ఖర్చు లేదు. జల్‌పల్లిలో మిగిలిన ప్రభుత్వపు బయలులో ఒక్కదానినైన, హద్దురాళ్ళు పడకమునుపే, ఆటస్థలమని దస్తావేజులలో వ్రాయింపవలెను. స్థానికపాలకులకు అర్జీ వ్రాసి పెట్టుకొన్నాను. బార్కస్ మైదానపు పెద్దలు, రెండు ప్రభుత్వపాఠశాలల వ్యాయామోపాధ్యాయులు చేవ్రాలు చేసిరి. ఈ వ్యాసమును చదివిన ఉస్మానియా పూర్వక్రీడాకారులు కూడ తమ పేర్లు చేర్చవలెనని కోరుచున్నాను.